ఆరో స్విచ్

ఆ వీధిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. రేడియోలు, మైకులు, యాంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం అతని మేనమామది. అందులో పనిచేసేది మేనల్లుడు. అంచేత వీధి మొత్తానికి అతను మేనల్లుడే అయిపోయాడు. కూరగాయలమ్మే ముసలమ్మ దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ "ఏం మేనల్లుడూ" అని పలకరించేవాళ్ళే. ఇంతమంది మేనమామలున్నా పిల్లనిచ్చేవాడు ఒక్కడూ లేడురా అని మావయ్య వేళాకోళం చేసేవాడు.

పాటల టీచరు ఆ దుకాణం మెట్లెక్కిన సాయంత్రం వాన దంచి కొడుతోంది. ఆమె చేతిలో గొడుగుంది గానీ ఆమె గొడుగు కింద లేదు. తువ్వాల్లో చుట్టి గుండెకి హత్తుకున్న మూట ఉంది. మూట మీద చుక్క పడలేదు. ఆమె మాత్రం జడ కొస నుంచి చెప్పుల దాకా తడిసి ముద్దయింది.

"పసిబిడ్డని ఈ వానలో తీసుకొచ్చావేంటమ్మా," అన్నాడు మావయ్య కళ్ళజోడు సవరించుకుంటూ.

"బిడ్డ కాదండీ," అని ఆమె మూటని బల్ల మీద పెట్టి విప్పింది.

మూరెడు పొడుగు రేకు పెట్టె. పైన రెండు వరసల్లో ఎనిమిది ఫుట్‌స్విచ్‌లు, కాలితో నొక్కేవి. ఒక్కో స్విచ్ పక్కన చిన్న దీపానికి ఒక్కో కన్నం. మూడింటికే దీపాలున్నాయి. మిగతా అయిదు కన్నాలూ ఖాళీ.

కొత్త వస్తువు కనిపిస్తే మేనల్లుడి చెయ్యి ఊరుకోదు. అడక్కుండానే అడుగు మూత ఊడదీసి లోపలికి తొంగిచూశాడు. చూసి నవ్వాడు.

"ఎవరండీ ఇది చేసింది, కళ్ళు మూసుకుని చేశారా? అన్నిటికీ ఒకే రంగులో ఉండాల్సిన గ్రౌండ్ తీగ ఒక స్విచ్‌కి ఎరుపు, పక్కదానికి ఆకుపచ్చ. మూడోదానికైతే సగం ఎరుపు, సగం ఆకుపచ్చ అతికించారు. ఇదంతా పీకేసి మొదట్నించీ..."

"చెయ్యి తీయండి."

ఆమె గొంతు పెంచలేదు. అయినా అతని చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"ఏదీ పీకొద్దు. ఆ మూడూ అలాగే ఉండాలి. మిగతా అయిదూ చేసిపెట్టండి, చాలు."

"అలా ఎలాగండీ? చేసినాయన ఏ తీగ ఎందుకు కలిపారో నాకు తెలియాలి కదా. ఒక్కసారి ఆయన్ని రమ్మనండి. పది నిమిషాల పని."

"రాడు."

"అంత తీరిక లేని మనిషైతే ఫోన్ నంబరివ్వండి."

"మా అన్నయ్యండీ. లేడు."

"ఊళ్ళో లేరా?"

మావయ్య బల్ల కింద నుంచి అతని కాలు గట్టిగా తొక్కాడు. అప్పటికి గానీ మేనల్లుడికి అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎక్కడ చూడాలో తెలియక పెట్టెలోకే చూస్తూ ఉండిపోయాడు.

ఆమె తువ్వాలు మడతపెడుతూ మావయ్యతోనే చెప్పింది. అన్నయ్య గిటారు వాయించేవాడు, తను పాడేది. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే అమ్మమ్మ పెంచిన పిల్లలు వాళ్ళు. అన్నయ్య తన గిటారుని పొరలు పొరలుగా కంప్యూటర్లో రికార్డు చేసి ఉంచాడు. పాట నడుస్తుంటే ఒక్కో స్విచ్ కాలితో నొక్కితే ఒక్కో పొర వచ్చి చేరుతుంది. ఏది మోగుతోందో ఆ పక్కన దీపం చెబుతుంది. పాడేవాళ్ళు తెర వైపు చూడక్కర్లేదు. బజార్లో కొనుక్కోవచ్చుగా అంటే మన డబ్బా మనమే చేసుకుందాం అన్నాడు. మూడు స్విచ్‌లు పూర్తిచేశాడు. జ్వరం వచ్చింది. నాలుగు రోజులు, అంతే.

"నా ఎదురుగానే చేయండి," అంది మేనల్లుడితో. "బడి వదిలాక రోజూ వస్తాను. కూచుని చూస్తాను."

"నా మీద నమ్మకం లేదా?"

"లేదు," అందామె. వాన తగ్గకముందే వెళ్ళిపోయింది, ఈసారి గొడుగు తనే వేసుకుని.

చెప్పినట్టే రోజూ వచ్చింది. బల్లకి అవతల స్టూలు మీద కూచుని, పరీక్ష హాల్లో కాపలా ఉన్నట్టు అతని చేతుల్నే చూసేది. రెండో రోజుకి మేనల్లుడికి చెమటలు పట్టాయి. మూడో రోజు పట్టకారు ఆమె చేతికిచ్చాడు.

"ఊరికే చూసే బదులు ఈ తీగ పట్టుకోండి. చూడండి, ఈ దీపానికి రెండు కాళ్ళుంటాయి. పొడుగుది ప్లస్సు, పొట్టిది మైనస్సు. తిరగేసి పెడితే వెలగదు. కాలిపోదు, ఏం కాదు, ఊరికే అలుగుతుంది."

"మా నాలుగో తరగతి పిల్లల్లాగా."

"టంకం వేశాక అతుకు వెండిలా మెరిస్తే మంచి అతుకు. బూడిదలా మసగ్గా ఉంటే దొంగ అతుకు. పైకి పట్టుకున్నట్టే ఉంటుంది, లోపల పట్టుకోదు."

"మనుషుల్లోనూ ఉంటారు అలాంటివాళ్ళు."

"నన్ను చూస్తూ అనకండి."

ఆమె నవ్వలేదు గానీ పెదవి చివర ఏదో కదిలింది. అతనికి ఆ రోజుకి అది చాలు.

"మేనల్లుడు గారూ, ఇక్కడ పట్టుకోనా?" అని అడిగిందొకసారి.

"అలా పిలవకండి. మీరు నాకు అత్తయ్య అవుతారు."

"వీధంతా పిలుస్తోంది కదండీ."

"వీధంతా నాకు అత్తయ్య అయినా పర్లేదు. మీరొద్దు."

మాట నోరు జారాక అతనికి చెవులు వేడెక్కాయి. మూలన స్పీకరు విప్పుతున్న మావయ్య లేని దగ్గు దగ్గాడు. ఆమె తల వంచుకుని తీగ వైపు చూస్తూ, "సరే. మెకానిక్ గారూ, ఇక్కడ పట్టుకోనా?" అంది.

పని మెల్లగా సాగింది. కొత్తగా వేసే ప్రతి తీగా అన్నయ్య వేసిన దారిలోనే వెళ్ళాలి, అదీ ఆమె షరతు. అందుకోసం మేనల్లుడు ఆ మూడు స్విచ్‌ల తీగల్ని పదేపదే చూడాల్సి వచ్చింది. ఒక సాయంత్రం అలా చూస్తూ టంకం కర్ర పక్కన పెట్టేశాడు.

"ఒకటి అడుగుతాను. కోప్పడకండి."

"అడగండి. కోప్పడాలో వద్దో తర్వాత చూద్దాం."

"మీ అన్నయ్యకి ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపించేవా?"

ఆమె అతని వైపు చూసింది. వేళాకోళమేమో అని వెతికినట్టు చూసింది.

"పసుపు తీగలన్నీ స్విచ్‌లకే వెళ్ళాయి," అన్నాడతను. "నీలం తీగలన్నీ దీపాలకే. ఒక్కటీ తప్పలేదు. ఇంత పద్ధతిగా చేసిన మనిషి ఎరుపు, ఆకుపచ్చ దగ్గరే ఎందుకు కలగాపులగం చేస్తాడు? నాకనిపించేది, ఆయనకి ఆ రెండూ ఒకటే రంగు. కళ్ళు మూసుకుని చేశారన్నాను ఆ రోజు. తప్పు నాది. చాలా శ్రద్ధగా చేశారు."

ఆమె చేతిలోని తీగని బల్ల మీద పెట్టింది. తర్వాత, "టమాటాలు," అంది.

"ఏంటి?"

"బజారుకి పంపితే పచ్చివి తెచ్చేవాడు. ఏరకుండా తెస్తున్నాడు, బద్ధకం అని తిట్టేదాన్ని. ఒకసారి నా ఎర్ర చున్నీ తెమ్మంటే ఆకుపచ్చది తెచ్చి ఇచ్చాడు. ఏడిపిస్తున్నాడనుకుని రోజంతా మాట్లాడలేదు నేను. వాడేమో వెనకాలే తిరుగుతూ, ఏంటే, ఏం చేశానే అని..."

నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో మలుపు తిరిగింది. చున్నీతో ముఖం కప్పుకుంది. మేనల్లుడు లేచి వెళ్ళి వీధి వైపు తలుపు ఓరగా వేసి వచ్చి కూచున్నాడు.

"మనిషి పోయాక ఇంక వాడి గురించి కొత్తగా తెలిసేదేం ఉండదనుకున్నానండీ," అంది చివరికి.

మర్నాడు వస్తూనే చెప్పింది. "అమ్మమ్మకి తెలుసట. మా తాతకీ అదే తీరట. బయట చెప్పకురా, నవ్వుతారు అని తనే అందట. పండో కాయో నొక్కి చూసుకోమని నేర్పిందట. వీడికి నొక్కే ఓపిక ఎక్కడిది. మంచం మీద పడుకునే ఎంత నవ్విందో. ఎన్నాళ్ళయిందో అమ్మమ్మ నవ్వి."

"మంచం దిగరా ఆవిడ?"

"ఆఁ, కొన్నాళ్ళ నుంచీ," అని ఆమె మాట మార్చేసింది. "అమ్మమ్మ మిమ్మల్ని ఏమంటోందో తెలుసా? తీగలు చూసి జాతకం చెప్పే అబ్బాయి అంటోంది."

ఆ రోజు నుంచి వాళ్ళ మధ్య మాటలకి వేరే సాకు అక్కర్లేకపోయింది. ఆమె కూడా టంకం వేయడం నేర్చుకుంది. వేలు కాల్చుకుంది, తిట్టుకుంది, మళ్ళీ వేసింది. వాన పడితే అతను వీధి చివరిదాకా గొడుగు పట్టేవాడు. ఒక గొడుగులో ఇద్దరు నడిస్తే ఒకరి కుడి భుజం, ఒకరి ఎడమ భుజం తడుస్తాయి. ఇంటికొచ్చాక ఆ తడిసిన భుజాన్ని తువ్వాలుతో తుడుచుకోబుద్ధయ్యేది కాదతనికి.

"ఒక పాట పాడండి," అని అడిగాడు ఒక రోజు.

"అన్నయ్య పోయాక పాడలేదండీ. పిల్లలకి చెప్పేటప్పుడు కూడా హార్మోనియం మీదే చెప్తున్నా. ఈ డబ్బా అయ్యాక పాడతాను."

ఏడు స్విచ్‌లు పూర్తయ్యాయి. మిగిలింది ఒక్కటే, ఆరోది. ఆ సోమవారం బడిలో పరీక్షలని ఆమె రాలేకపోయింది. "కొంచెమే ఉంది కదా, మీరే కానివ్వండి. నేను చూడక్కర్లేదు," అని పొద్దున్నే ఫోన్ చేసింది. నేను చూడక్కర్లేదు అన్న మాట విని మేనల్లుడు దుకాణంలో ఉన్న పిల్లిని కూడా చూసి నవ్వాడు.

పొద్దున్న మొదలుపెట్టిన పని కాసేపట్లోనే ముగిసింది. ఒక్కో స్విచ్ నొక్కి చూశాడు. ఎనిమిది దీపాలూ వెలిగాయి. చక్కగా, నీలంగా, వరసగా. చూసి సంతోషపడాల్సిన మనిషి దిగాలుగా కూచుండిపోయాడు.

రేపు ఆమె వస్తుంది. డబ్బా తీసుకుంటుంది. థాంక్సండీ అంటుంది. ఎల్లుండి ఆ స్టూలు ఖాళీ.

టంకం కర్ర ఇంకా వేడిగానే ఉంది. దాని మొనతో ఆరో స్విచ్ కాలుని ముట్టుకున్నాడు. టంకం కరిగింది. తీగని పట్టకారుతో మెల్లగా లాగేశాడు.

"ఆరోది మొండికేసిందండీ," అన్నాడు మర్నాడు.

"పోనీలెండి. రేపు చూద్దాం," అందామె.

ఆ రేపు ఆ వారమంతా నడిచింది. ఆమె వచ్చేవేళకి ఒక తీగ ఊడి ఉండేది. ఇద్దరూ కలిసి వెతికేవాళ్ళు. టార్చి ఆమె పట్టుకునేది. అతను దొరకని తప్పు కోసం వెతుకుతున్నట్టు తల ఆమె తలకి దగ్గరగా పెట్టేవాడు. ఆ వారం వాళ్ళు మాట్లాడుకున్నన్ని కబుర్లు అంతకుముందెప్పుడూ మాట్లాడుకోలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "ఇవాళ కూడా అవదా?" అని అడిగేది. "రేపు," అనేవాడు. ఆమె ముఖంలో ఒక నీడ కదిలేది. తనని విడిచి వెళ్ళాల్సి వస్తున్నందుకే ఆ నీడ అని మేనల్లుడు తనకి నచ్చిన అర్థం చెప్పుకున్నాడు.

మావయ్య రెండు రోజులు చూశాడు. మూడో రోజు అడిగేశాడు.

"ఏరా అల్లుడూ, ఒకే కాలికి ఎన్నాళ్ళు కట్టు కడతావు?"

"అది కాదు మావయ్యా..."

"ఏది కాదు? ఆ అమ్మాయి రావాలంటే రమ్మని అడగడానికి దేవుడు నోరిచ్చాడు కదరా. మధ్యలో ఆ చచ్చినవాడి డబ్బా ఎందుకు?"

"రేపు చెప్పేస్తాను. నిజం."

మర్నాడు చెప్పలేకపోయాడు. ఆ మర్నాడూ నోరు పెగల్లేదు. ఆ తర్వాత రోజు ఆమె రాలేదు.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంకో రోజు గడిచింది. బడి పని ఉండి ఉంటుందిలే అనుకున్నాడు. అనుకున్నా మనసు నిలవలేదు. కూచుని ఆరో స్విచ్‌కి తీగ కలిపాడు, ఈసారి గట్టిగా, మెరిసేలా. డబ్బాని అదే తువ్వాల్లో చుట్టి, ఆమె ఎప్పుడో మాటల్లో చెప్పిన గుర్తులు పట్టుకుని ఇంటికి వెళ్ళాడు.

ఇనప మెట్ల పైన రెండు గదుల ఇల్లు. తలుపు తీసే ఉంది. బయట చాలా చెప్పులున్నాయి. పక్కింటావిడ ఖాళీ గ్లాసులు పట్టుకుని బయటికొస్తూ అతన్ని చూసి ఆగింది.

"మీరు బడి నుంచా? లోపలుంది, వెళ్ళండి. మొన్న తెల్లారేసరికి పెద్దావిడ పోయారు. నిద్రలోనే. ఇంక ఆ పిల్లకి ఎవరున్నారు చెప్పండి."

మేనల్లుడు మూట పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు.

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆమె లోపలి గదిలో, పరుపు తీసేసిన మంచం పక్కన నేల మీద కూచుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిన ముఖం. గోడకి గిటారు తగిలించి ఉంది. అతన్ని చూసి కూచోమన్నట్టు చేయి చూపించింది. మూట వైపు చూసింది.

"అయిందా?"

"అయింది."

"రోజూ అడిగేదండీ," అంది నిదానంగా. "పాట ఎప్పుడే, అని. మా చిన్నప్పుడు తనే అల్లిన పాట ఒకటుంది. మాలో ఎవరు అలిగితే వాళ్ళ అలక తీర్చడానికి పాడేది. దానికే అన్నయ్య గిటారు కట్టాడు. వాడి గిటారు మీద నేను పాడితే విని పోతానే అనేది. డాక్టరు ఇంక ఎక్కువ రోజులు లేవన్నాడు. మీకు చెప్పలేదు. పైకి అంటే నిజమైపోతుందేమోనని ఎవరికీ చెప్పలేదు. డబ్బా రేపొస్తుంది అమ్మమ్మా అని మాత్రం రోజూ చెప్పేదాన్ని. వారం నుంచీ రేపు, రేపు. చివరి రోజు తనే, పోనీలేవే, ఆ అబ్బాయిని తొందరపెట్టకు, అంది."

మేనల్లుడు మూటని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"మీరేం బాధపడకండి," అందామె అతని ముఖం చూసి. "మీ చేతనైనంతా చేశారు. కొన్ని మన చేతుల్లో ఉండవు."

ఆ మాట దగ్గర ఊరుకుని లేచి రావచ్చు. ఎవరికీ తెలియదు. మావయ్య చెప్పడు. తల ఊపి, మూట అక్కడ పెట్టి, మెట్లు దిగేస్తే చాలు. ఒక్క క్షణం అతను అలా చేయబోయాడు కూడా. ఆమె తన వైపు అంత దయగా చూడకపోయి ఉంటే చేసేవాడేమో.

"నా చేతుల్లోనే ఉందండీ," అన్నాడు. "పోయిన సోమవారమే అయిపోయింది. ఎనిమిదీ వెలిగాయి. ఆరోదాని తీగ నేనే ఊడదీశాను. రోజూ పొద్దున్న ఊడదీసి, సాయంత్రం మీతో కలిసి వెతికాను. అది బాగైపోతే మీరు ఇంక రారని."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. అర్థమవుతున్నప్పుడు ఆమె ముఖం ఎలా మారిందో అతను చూశాడు. తల తిప్పుకోలేదు. చూడటం తప్ప తనకింకేం హక్కు లేదనిపించింది.

"సోమవారం," అంది.

"అవునండీ."

"సోమవారం అమ్మమ్మ లేచి కూచుంది. జావ తాగింది."

ఆమె చేయి మంచం పట్టె మీద ఆగింది.

"అడిగితే వచ్చేదాన్ని కదా," అందామె. గొంతులో కోపం కన్నా వేరే ఏదో ఉంది. "డబ్బా లేకపోయినా వచ్చేదాన్ని. ఒక్క మాట అడిగితే పోయేది."

"తెలియలేదు."

"అక్కడ పెట్టి వెళ్ళండి."

మూట మంచం పక్కన పెట్టి వచ్చేశాడు.

ఆ తర్వాత వానలు వెనకపట్టాయి. దుకాణంలో పని మామూలుగానే ఉంది. మేనల్లుడు మాత్రం మామూలుగా లేడు. ఒక యాంప్లిఫయర్‌కి తీగలు తిరగేసి కలిపి పొగ తెప్పించాడు. ఆ స్టూలు మీద ఎవరైనా కూచోబోతే, కాలు విరిగింది, కూచోకండి అనేవాడు. దానికేం విరగలేదు. బడి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే సందులో నుంచి చుట్టు తిరిగి వెళ్ళేవాడు. క్షమించమని అడగడానికి ఎన్నోసార్లు బయల్దేరి మధ్యలోనే వెనక్కి వచ్చాడు. క్షమించమని అడగడమంటే మళ్ళీ తన కోసమే ఏదో అడగడం అవుతుందని అతని బాధ.

"నాదీ తప్పే," అన్నాడు మావయ్య ఒక రోజు, అన్నం ముందు కూచుని. "ఒకసారి చెప్పి ఊరుకున్నాను. చెవి మెలేసి చెప్పాల్సింది."

"నీదేం లేదు మావయ్యా."

"తిను ముందు. పస్తుంటే పోయినవాళ్ళు రారు."

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున్న దుకాణం తెరుస్తుంటే ఆమె వచ్చింది. చేతిలో ఏమీ లేదు. బాగా చిక్కింది. మెట్ల మీదే నిలబడింది.

"మీ మీద కోపం పోలేదు," అంది. "అది చెప్పడానికి రాలేదు. అయినా చెప్తున్నా."

"పోవాలని నేను అనుకోలేదండీ."

"అమ్మమ్మ పాట అడిగింది. డబ్బా అడగలేదు." ఆమె లోపలి స్టూలు వైపు చూసింది. "ఇన్నాళ్ళూ అదే ఆలోచిస్తున్నా. మంచం పక్కన కూచుని వట్టి గొంతుతో పాడినా వినేది. సంతోషంగా వినేది. నేనే పాడలేదు. డబ్బా అయ్యాక, డబ్బా అయ్యాక అని. మీరు వారం ఆపారు. నేను అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ ఆపాను. రోజూ మిమ్మల్ని తిట్టుకోవడం మొదలుపెడతాను, సగంలో నా దగ్గరికొచ్చి ఆగుతుంది."

"అలా అనుకోకండి. మీకు గొంతులోంచి పాట రాలేదు. నాకు తీగ కలపడం వచ్చు, కలపలేదు. రెండూ ఒకటి కాదు."

వచ్చాక మొదటిసారి ఆమె అతని వైపు తిన్నగా చూసింది.

"డబ్బా పనిచేస్తోంది," అంది. "నొక్కితే దీపం వస్తోంది, గిటారు వస్తోంది. ఆరో పొర మొదట్లో వాడి గొంతు ఉంది. ఊఁ, అందుకోవే, అంటాడు. రికార్డు చేసేటప్పుడు అలవాటుగా అనేసి ఉంటాడు. నేను అక్కడే ఆగిపోతున్నా. ఇంట్లో వినేవాళ్ళు ఎవరూ లేరు. వినేవాళ్ళు లేకుండా అది దాటలేకపోతున్నా. వాడి చేతి పని తెలిసినవాళ్ళు మీరొక్కరే ఉన్నారు. వచ్చి కూచుంటారా? మాట్లాడక్కర్లేదు."

మావయ్య లోపల్నుంచి అంతా విన్నాడు. వినలేదని నటించే ఓపిక ఆయనకి లేదు.

"తీసుకెళ్ళమ్మా," అన్నాడు. "దుకాణం నేను చూసుకుంటాను."

"మీరూ రండి బాబాయిగారూ."

"నేనొద్దు తల్లీ. నాకు పాట వింటే ఏడుపొస్తుంది, ఏడిస్తే దగ్గొస్తుంది. మీ పాట పాడవుతుంది. వాణ్ణి తీసుకెళ్ళు. ఆలస్యంగా పంపినా పర్లేదు." ఆ మాట అన్నాక కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

లోపలి గదిలో మంచం గోడకి జరిపి ఉంది. కిటికీలోంచి ఎండ నేల మీద పడుతోంది. ఆమె డబ్బాని నేల మీద పెట్టి, కంప్యూటర్‌కి కలిపి, చెప్పులు విడిచి నిలబడింది. అతను గోడకి ఆనుకుని కూచున్నాడు.

మొదటి స్విచ్ నొక్కింది. నీలం దీపం వెలిగింది. గిటారు మొదలైంది, ఒక్క తీగే, ఎవరో తలుపు మెల్లగా తడుతున్నట్టు. రెండోది, మూడోది. అవి అన్నయ్య కలిపినవి. నాలుగోది, అయిదోది. గది నిండా గిటారు పరుచుకుంది. ఏనాడూ కలుసుకోని ఇద్దరు మనుషులు ఒకే పెట్టెలో పక్కపక్కన చేసిన పని అది. మేనల్లుడికి ఆ పోయినవాడి మీద ఎక్కడలేని ఆప్యాయత పుట్టుకొచ్చింది. ఒక్కసారి చూసి ఉంటే బావుండేది అనుకున్నాడు.

ఆమె ఆరో స్విచ్ మీద కాలు పెట్టి ఆగింది. నొక్కింది.

"ఊఁ, అందుకోవే," అన్నాడు అన్నయ్య. కుర్ర గొంతు. నవ్వుతూ అన్నట్టుంది.

ఆమె నోరు తెరిచింది. గాలి వచ్చింది, గొంతు రాలేదు. గిటారు ఆమె కోసం ఆగలేదు, ముందుకి వెళ్ళిపోయింది. ఒక చుట్టు తిరిగి మళ్ళీ అదే చోటికొచ్చింది. ఆమె కన్నీళ్ళు చెంపల మీద నుంచి గడ్డం దాకా జారాయి. అతను లేవలేదు, ఓదార్చలేదు. మాట్లాడక్కర్లేదంది కదా. అలాగే చూస్తూ వింటూ కూచున్నాడు.

మూడో చుట్టులో అందుకుంది.

మొదటి మాటలు విరిగి వచ్చాయి. తర్వాత కుదురుకున్నాయి. అలిగిన బిడ్డకి ఆకాశంలో ఉన్నవన్నీ ఇస్తానని చెప్పి, చివరికి ఇంట్లో ఉన్న బెల్లం ముక్క చేతిలో పెట్టే పాట అది. పెద్ద పాటేం కాదు. ఎవరో అమ్మమ్మ, వంటింట్లో పని చేసుకుంటూ అల్లిన పాట. ఆమె దాన్ని ఖాళీ మంచం వైపు తిరిగి పాడింది. చివరి చరణం పాడుతూ స్విచ్‌లు ఒక్కొక్కటే ఆపేసింది. గిటారు పొర పొరగా తగ్గింది. చివర ఆమె గొంతొక్కటే మిగిలింది. అదీ ఆగింది.

కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు.

ఆమె నేల మీద కూలబడి చాలాసేపు ఏడ్చింది. మేనల్లుడూ ఏడ్చాడు, ఆ అమ్మమ్మని ఒక్కసారి కూడా చూసి ఉండకపోయినా. తర్వాత ఆమె లేచి ముఖం కడుక్కుని, రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి తాగారు.

"కోపం పోయిందని కాదు," అంది గ్లాసులోకి చూస్తూ.

"తెలుసండీ."

"పోవడానికి చాలా రోజులు పట్టొచ్చు. కొంచెం ఎప్పటికీ ఉండిపోవచ్చు కూడా."

"ఉండనివ్వండి. ఉన్నా నేను వస్తాను, మీరు రానిస్తే." అతను గ్లాసు కిటికీలో పెట్టాడు. "ఆ రోజు అడగాల్సింది ఇవాళ అడుగుతున్నా. మీరంటే నాకు చాలా ఇష్టం. రోజూ చూడాలని ఉంటుంది. ఇంతకంటే నాకు చెప్పడం రాదు."

ఆమె ఖాళీ గ్లాసులు రెండూ తీసుకుని లోపలికి వెళ్ళింది. కుళాయి చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి చున్నీకి చేతులు తుడుచుకుంటూ గుమ్మానికి ఆనుకుంది.

"రేపు రండి," అంది.

"పనేమైనా ఉందా?"

"ఏం లేదు. ఊరికే రండి."

మర్నాడు సాయంత్రం మేనల్లుడు జేబులో స్క్రూడ్రైవరైనా లేకుండా బయల్దేరాడు. ఇనప మెట్ల పైన ఆమె ముందే వచ్చి నిలబడి ఉంది.